శుభలేఖలో ఒత్తులు: దేనికి పట్టుబట్టాలి, దేన్ని వదిలేయాలి?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఇటీవల మా బావగారి పెద్దబ్బాయికి పెళ్ళి కుదిరింది. శుభలేఖ ముసాయిదాను కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరినీ ఒకసారి చూడమన్నారు. ‘భందుమిత్రులు’, ‘శుభముహుర్తం’, ‘జ్యేష్ట పుత్రుడు’, ‘మధర్పిత చందన తాంబూలాది సత్కారములు’, ‘ప్రార్ధన’ వంటివి కనిపించేసరికి ఉండబట్టలేక, తప్పులన్నిటినీ జాబితాగా రాసి అదే గ్రూపులో పెట్టాను. ‘కళ్యాణం’ కూడా తప్పేనని, ‘కల్యాణం’ అని ఉండాలని చివర చేర్చాను. ‘పెళ్ళికి పిలుస్తున్నామా, పరీక్ష పెడుతున్నామా?’ అని బావగారు అన్నారు. అప్పటి నుంచి మా తోడికోడలు నాతో ముభావంగా ఉంటున్నారు. తప్పును తప్పనడం తప్పా? వేటికి పట్టుబట్టాలి, వేటిని వదిలేయాలి? సందేహం వస్తే ఏ నిఘంటువు చూడాలి?

జవాబు: మీరు ఎత్తిచూపినవాటిలో ‘కళ్యాణం’ ఒక్కటి మినహా తక్కినవన్నీ నిజమైన తప్పులే, అచ్చుకు వెళ్ళకముందే దిద్దవలసినవే. శుభలేఖ ఒకసారి అచ్చయి బంధువుల ఇళ్ళకు చేరిందంటే ఇక దిద్దుబాటుకు వీలుండదు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు కూడా బీరువాలో భద్రంగా ఉండే కాగితం అది. కాబట్టి దాని మీద శ్రద్ధ పెట్టినందుకు మీరు నొచ్చుకోవలసిన పని లేదు. నలుగురూ చూసేచోట జాబితా పెట్టడంతోనే చిక్కు వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు తప్పుల గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే అవి ఎక్కడి నుంచి పుడతాయో తెలిస్తే రాసినవారి మీద విసుగు చాలావరకు తగ్గుతుంది.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణాన్ని మొదలుపెడుతూనే సంస్కృతానికి వర్ణాలు 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అని లెక్క చెప్పి, ఆ వెంటనే ఖ, ఘ, థ, ధ, భ వంటి ఒత్తక్షరాలు సంస్కృత సమాలతో, అంటే సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలతో, కలిసి వచ్చినప్పుడే తెలుగులో వాడుకలో ఉంటాయని చెబుతారు. మనం ఇంట్లో నేర్చుకున్న అమ్మ, అక్క, నీళ్ళు, చెట్టు, ఇల్లు వంటి మాటల్లో ఎక్కడా ఇలాంటి ఒత్తక్షరం లేకపోవడానికి కారణం ఇదే. ఒత్తులన్నీ బడితో పాటు వచ్చాయి. మాట్లాడేటప్పుడు ‘బాధ’ను ‘బాద’ అన్నా చాలామందికి తేడా వినిపించదు గనుక, రాసేటప్పుడు చెవి సాయం చేయదు. కంటికి గుర్తున్నదే రాస్తాం. ఆ కంటికి కూడా థ, ధ అక్షరాల మధ్య కనిపించే తేడా పొట్టలో ఉన్న ఒక చుక్క మాత్రమే. అదే అక్షరం ‘ర్థ’లో ఉన్నట్టు చిన్న ముద్రలో, చిన్న ఫోను తెరమీద కనిపించిందంటే చుక్క ఉన్నదీ లేనిదీ తేలదు. ఇక ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేవారు ఏది కొడితే థ వస్తుందో, ఏది కొడితే ధ వస్తుందో చూసుకోకుండా, ఫోను ముందుకు తోసిన మొదటి మాటనే తీసుకుంటారు. మీ మరిదిగారో, మేనల్లుడో ఆ శుభలేఖను అలాగే కొట్టి ఉంటారు.

ఈ చుక్క సంగతిని మీ విద్యార్థులకు ఒక కుటుంబంగా చూపించండి. కోరిక, ప్రయోజనం, ధనం, భావం అన్న అర్థాలున్న ‘అర్థ’ శబ్దంలో చుక్క ఉన్న థ ఉంటుంది. విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, స్వార్థం, పదార్థం, ఆర్థికం అన్నీ ఆ ఇంటివే. సగం అన్న ‘అర్ధ’ శబ్దంలో చుక్క లేదు: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధశతాబ్ది. విద్యను కోరేవాడు విద్యార్థి; ‘విద్యార్ధి’ అని రాస్తే సగం చదువు గుర్తుకు వస్తుందని చెప్పి చూడండి, పిల్లలు ఆ చుక్కను మళ్ళీ మరిచిపోరు. హృదయం నుంచి వచ్చిన ‘హార్దిక’లో మాత్రం చుక్కా లేదు, ఒత్తూ లేదు. పండుగ రోజుల్లో వీధి ఫ్లెక్సీల మీద కనిపించే ‘హార్ధిక శుభాకాంక్షలు’ అందుకే తప్పు.

‘భందుమిత్రులు’ అన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. ఇక్కడ రాసినవారు ఒత్తును మరిచిపోలేదు. ఈ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉందని వారికి గుర్తుంది, ఎక్కడన్నదే గుర్తు లేదు. ‘భాద’, ‘భాద్యత’, ‘భోదన’ అన్నిటిలోనూ జరిగేది ఇదే: రెండో అక్షరం మీద ఉండవలసిన ఒత్తు మొదటి అక్షరం మీదికి దూకుతుంది. ఇంకొందరు ఎందుకైనా మంచిదని రెండుచోట్లా పెట్టి ‘భాధ’ అంటారు. సంస్కృతంలో ఒకే ధాతువుకు మొదటా చివరా రెండు ఒత్తులు సాధారణంగా నిలవవు. బంధ్, బాధ్, బుధ్ అన్న ధాతువులన్నిటిలో బ మామూలుది, ధ మీదే ఒత్తు. బంధువు, బాంధవ్యం, బాధ, బాధ్యత, బోధన, బుధుడు అన్నిటికీ ఈ ఒక్క సూత్రం చాలు. ద్ధ, ద్భ, చ్ఛ వంటి జంటల్లోనూ ఇలాంటిదే ఇంకొకటి ఉంది: పై అక్షరానికి ఒత్తు ఉండదు, కింద చేరే అక్షరానికే ఉంటుంది. బుద్ధి, శ్రద్ధ, అద్భుతం, స్వచ్ఛం, స్వేచ్ఛ చూడండి. అలాగని ప్రతి జంటకూ ఒత్తు తగిలించకూడదు. ‘ఉచ్చారణ’లో ఒత్తు లేదు, అది ఉత్, చారణ కలిసిన మాట. ఉచ్చారణ సరిగా ఉండాలని బోధించే వ్యాసాల్లోనే దాన్ని ‘ఉచ్ఛారణ’ అని రాయడం తరచుగా కనిపిస్తుంది.

జ్యేష్ఠ పుత్రుడి విషయానికి వస్తే, ‘అందరికన్నా’ అన్న భావం ఉన్న మాటల్లో ష కింద ఠ వస్తుంది: జ్యేష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ, గరిష్ఠ, బలిష్ఠ. ఇష్టం, కష్టం, నష్టం, స్పష్టం, విశిష్టం వంటి వాటిలో ట వస్తుంది. నిలవడం అన్న భావం ఉన్న ‘స్థా’ ధాతువు నుంచి పుట్టిన ప్రతిష్ఠ, నిష్ఠ, అనుష్ఠానం మళ్ళీ ఠ పక్షమే. కాబట్టి విగ్రహ ప్రతిష్ఠ ఆహ్వానపత్రంలో ఠ ఉండాలి, విశిష్ట అతిథి దగ్గర ట ఉండాలి, ఆ అతిథిలో చుక్క ఉండాలి.

శుభలేఖలో లేకపోయినా, మీరు తరగతిలో రోజూ దిద్దే మరో తప్పు గురించి ఒక మాట. ‘ఋ’ను మనం ‘రు’గానే పలుకుతాం గనుక వట్రసుడి (ృ) ఎక్కడ, రు ఎక్కడ అన్నది కూడా కంటిపాఠమే. శ్రుతిలో రు, స్మృతిలో వట్రసుడి. ఎప్పుడూ జంటగా వినిపించే మాటలు కావడంతో ఒకదాని సుడి రెండోదానికి అంటుకుని ‘శృతి’ అయింది. ‘తృటిలో తప్పిన ప్రమాదం’ అన్న వార్తాశీర్షిక ‘త్రుటిలో’ అని ఉండాలి. ‘ధృవీకరణ పత్రం’ అని దరఖాస్తుల మీద అచ్చయ్యే మాట ధ్రువ శబ్దం నుంచి వచ్చింది, అది ‘ధ్రువీకరణ’. ‘మాత్రుభాష’ దీనికి తిరగబడిన రూపం, అక్కడ వట్రసుడి ఉండి తీరాలి. మాతృభాషా దినోత్సవం బ్యానరు మీదే ఆ మాట తప్పుగా కనిపిస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: వేటికి పట్టుబట్టాలి? తప్పు వల్ల మాట వేరే మాటగా మారిపోతే పట్టుబట్టాలి. ‘మధ్యాహ్న భోజనం’లో ధ ఒత్తు పోయి ‘మద్యాహ్నం’ అయితే, బడి గోడ మీద మద్యం చేరుతుంది. ‘శంకుస్థాపన’ అంటే శంకువును, అంటే మేకును, పాతడం. ‘శంఖుస్థాపన’ అని చెక్కిన శిలాఫలకాలు ఊళ్ళో లేని శంఖాన్ని తెచ్చిపెడతాయి. ‘నిర్దిష్టం’ అంటే ఇదీ అని నిర్దేశించినది, ‘నిర్దుష్టం’ అంటే దోషం లేనిది. టెండరు కాగితంలో ఒకదాని బదులు ఇంకొకటి పడితే పని స్వరూపమే మారుతుంది. ఇలాంటివి కనిపించినప్పుడు మొహమాటపడవద్దు. అలాగే రాయి మీద, కాగితం మీద శాశ్వతంగా నిలిచిపోయే ఏ తప్పునైనా అచ్చుకు ముందు ఆపడానికి ప్రయత్నించడం మన బాధ్యత. మరునాటికి ఎవరూ చూడని వాట్సాప్ సందేశానికి ఆ పట్టుదల అవసరం లేదు.

కొన్ని ప్రయోగాలు, అక్షరాల్లో తప్పేమీ లేకపోయినా, ఒకే సంగతిని రెండుసార్లు చెబుతాయి. ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అన్న వాక్యం దాదాపు ప్రతి శుభలేఖలోనూ ఉంటుంది. ‘స’ అన్నా, ‘సమేతం’ అన్నా కూడి ఉండటమే. ‘సకుటుంబంగా’ అంటే చాలు, లేదా ‘కుటుంబ సమేతంగా’ అంటే చాలు. ‘ప్రాధాన్యత’, ‘ప్రాముఖ్యత’, ‘నైపుణ్యత’ అన్నవీ ఈ కోవలోవే: ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చేసరికే భావవాచకం తయారైంది, దానికి మళ్ళీ ‘త’ తగిలించడం అదనం. నేను రాసేటప్పుడు ‘ప్రాధాన్యం’ అనే రాస్తాను, విద్యార్థులకూ అలాగే చెప్పమంటాను. కానీ పెళ్ళివారి ‘సకుటుంబ సమేతంగా’ను మాత్రం కదిలించను. రమ్మని రెండుసార్లు పిలిస్తే చుట్టాలకు అది ఆప్యాయతగానే వినిపిస్తుంది. ‘మదర్పిత’ విషయంలోనూ ఇంతే. మత్, అర్పిత కలిసి ‘మదర్పిత’ అవుతుంది, అక్కడ ధకు చోటు లేదు; అది దిద్దాలి. ‘మత్’ (నా) ఏకవచనం గదా, ఆహ్వానించేది దంపతులిద్దరూ గదా, ఆ పక్కనే ‘మమ్ము ఆనందింపజేయ’ అని బహువచనం ఉంది గదా, అందుచేత ‘అస్మదర్పిత’ (మేము అర్పించిన) అనాలని వాదించడానికి వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఆ వాదన మనలాంటి వాళ్ళం కూర్చుని ముచ్చటించుకోవడానికి బాగుంటుంది. తరతరాలుగా స్థిరపడిన ఆహ్వానవాక్యం మీద మాత్రం దాన్ని ప్రయోగించవద్దు.

విరామచిహ్నాల మీద తెలుగులో మరీ అంత కఠినంగా ఉండనవసరం లేదన్నది నా అభిప్రాయం. తాటాకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. కామా, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం అచ్చుతో పాటు మనకు అలవాటైనవి. ‘వచ్చావా’ అన్నప్పుడు చివరి దీర్ఘమే ప్రశ్న అడుగుతుంది. ‘వస్తానని చెప్పింది’ అన్నప్పుడు ‘అని’ అన్న మాటే ఉటంకింపు గుర్తుల పని చేస్తుంది. ‘వధువూ వరుడూ’ అన్నప్పుడు దీర్ఘాలే ఇద్దరినీ కలుపుతాయి. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా ‘వధువు మరియు వరుడు’ అని రాయడం అనవసరం. ‘మఱియు’ పాత మాటే, ‘ఇంకా’ అన్న అర్థంలో వాక్యం మొదట్లో హాయిగా కూర్చునేది. రెండు నామవాచకాల మధ్య ఇరికించడం ఇంగ్లీషు అనువాదాల వల్ల బలపడిన అలవాటు. ‘వధూవరులు’ అని సమాసం చేస్తే మరీ ముద్దుగా ఉంటుంది, ధూకు దీర్ఘం ఉండాలన్నది మాత్రం మరవకూడదు. ఇక చుక్కల విషయంలో ఒక చిన్న సూచన: ‘చి.ల.సౌ.’ అన్నది ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’కి పొట్టిరూపం, మూడు మాటలనూ కుదించాం గనుక చుక్కలు మూడూ ఉండాలి, చివరి చుక్కను చాలామంది వదిలేస్తారు. కామాకు ముందు ఖాళీ వదలకూడదు, తర్వాత వదలాలి. లేకపోతే కామా ఒంటరిగా తర్వాతి వరుస మొదట్లోకి వచ్చి పడుతుంది.

‘కళ్యాణం’ దగ్గర మీరు ఆగి ఉండవలసింది. సంస్కృతంలో ‘కల్యాణ’మే, నిఘంటువు మీ పక్షానే ఉంది. అయితే ల, ళలకు అభేదం చెప్పుకునే సంప్రదాయం పండితుల్లోనే ఉంది, ‘కళ్యాణం’ తెలుగువారి వాడుకలో గట్టిగా స్థిరపడింది. మీరు ‘కల్యాణం’ అని రాసుకోండి, ఎదుటివారు ‘కళ్యాణం’ అంటే తప్పు గుర్తు పెట్టకండి. ‘పెళ్ళి’, ‘పెళ్లి’ రెండూ అచ్చులో ఉన్నాయి, రెండూ ఒప్పే. తెలంగాణలో వినిపించే ‘పెండ్లి’ వీటికి మూలరూపం, పాత కావ్యాల్లో కనిపించేది అదే. దాన్ని ‘పెళ్ళి’గా దిద్దే ఉపాధ్యాయులు పాతదాన్ని కొట్టేసి కొత్తది రాస్తున్నారన్నమాట. ‘వచ్చిండు’, ‘వచ్చినాడు’, ‘వచ్చాడు’ మూడూ ఆయా ప్రాంతాల వ్యాకరణం ప్రకారం నిర్దుష్టమైనవే. వీటిని తప్పులనడం భాష మీద ప్రేమ అనిపించుకోదు. ఆగస్టు 29న మీ పాఠశాలలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు గదా, ఆ రోజున పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి చేసిన ఒక పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే ఆ గ్రాంథిక వ్యాకరణానికి ఒప్పని ప్రయోగాలను ఆయన ఓపికగా ఏరి చూపించారు. నోట లేని భాషను కలంతో రాయబోతే ఎంతటివారైనా తడబడతారని నిరూపించడానికే ఆయన ఆ శ్రమ పడ్డారు. మనింట్లో ఒత్తు తడబడినవారికి కూడా ఆ న్యాయం వర్తిస్తుంది.

మీ జాబితాలో లేని కొన్నిటిని ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే శుభలేఖలో ఒత్తులకన్నా ముందు చూడవలసినవి అవే. మొదట పేర్లు, ఇంటిపేర్లు. వియ్యాలవారి ఇంటిపేరును వారెలా రాసుకుంటారో వారినే అడిగి తెలుసుకోవాలి, మన వ్యాకరణం అక్కడ పనిచేయదు. తర్వాత ‘కీ.శే.’ అన్న రెండక్షరాలు: కీర్తిశేషులైన తాతగారి పేరు ముందు ఉండవలసినవి కిందివరుసలో బతికున్న బామ్మగారి పేరు ముందుకు జారితే ఎంత కష్టమో ఊహించుకోండి. ఆ తర్వాత తేదీ, వారం ఒకదానితో ఒకటి సరిపోయాయా లేదా. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే మరింత జాగ్రత్త అవసరం. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి రాత్రి రెండు గంటలకు పురోహితులకు ఇంకా గురువారమే, క్యాలెండరుకు శుక్రవారం. అందుకే పెద్దలు ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని రాసే పద్ధతి పెట్టారు; ఆ నాలుగు మాటలూ పొడవుగా ఉన్నాయని తీసేస్తే సగం మంది చుట్టాలు ఒక రోజు ఆలస్యంగా వస్తారు.

ఇంకొక సంగతి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్‌కు ముందు నాటి ఫాంట్లతోనే పని చేస్తారు, మీరు ఫోనులో పంపిన పాఠాన్ని చాలాసార్లు మళ్ళీ మొదటి నుంచి కొడతారు. గ్రూపులో మీరెంత చక్కగా దిద్దినా అక్కడ కొత్త తప్పులు చేరవచ్చు. కాబట్టి చూడవలసింది వాట్సాప్ ముసాయిదాను కాదు, ప్రెస్సువారు ఇచ్చే ఆఖరి ప్రూఫును.

ఇదే మీకు మీ తోడికోడలితో మాట కలిపే దారి కూడా. పాత జాబితా గురించి సంజాయిషీలు చెప్పుకోవద్దు. ఫోను చేసి, ‘అక్కా, ప్రూఫు రాగానే నాకు పంపండి, పేర్లూ ముహూర్తమూ మీతో పాటు నేనూ ఒకసారి సరిచూస్తాను’ అనండి. ప్రూఫు వచ్చాక ఎక్కడెక్కడ తప్పిందో ఎత్తిచూపకుండా, సరైన పాఠాన్ని శుభ్రంగా తిరిగి రాసి ఆవిడ ఒక్కరికే పంపండి. అందులో ‘బంధుమిత్రులు’, ‘శుభముహూర్తం’, ‘జ్యేష్ఠ’, ‘మదర్పిత’, ‘ప్రార్థన’ సరిగా ఉంటే చాలు, ‘కళ్యాణం’ వారి ఇష్టానికే వదలండి. ఎవరైనా పోయారని కబురు పెట్టినప్పుడు, పెద్దవాళ్ళు ఫోనుకు నోటితో చెప్పి రాయించుకున్నప్పుడు, పిల్లలు మొదటిసారి సొంతంగా తెలుగులో ఒక పేరా రాసి చూపించినప్పుడు అసలేమీ దిద్దకూడదన్నది నేను గట్టిగా పాటించే నియమం.

నిఘంటువు విషయానికి వస్తే, సంస్కృత సమాల ఒత్తుల కోసం బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) ఇప్పటికీ నమ్మదగినది. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వాడుక రూపాలు ఎక్కువగా దొరుకుతాయి. వీటితో పాటు మరికొన్ని నిఘంటువులను ఒకేసారి వెతికే వీలు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉంది, ఫోనులో కూడా పనిచేస్తుంది. మనం సున్నాతో ముగించే ఇలాంటి మాటలు పాత నిఘంటువుల్లో ‘ము’తో ముగుస్తాయని గుర్తుంచుకోండి: ‘ముహూర్తం’ అని వెతికితే దొరకకపోవచ్చు, ‘ముహూర్తము’ అని వెతకండి. ‘ఖచ్చితం’ అని వెతికి లేదనుకోకుండా ‘కచ్చితము’ దగ్గర కూడా చూడండి.